ఆరున్నర బస్సు ఎక్కనివాడు

కొత్త ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలో తేల్చే ఆఫీసు, లెక్కలు రాసే అమ్మాయిని ఆ ఊరికి సరిగ్గా పగలు పదకొండింటికి పంపింది. ఎంత తెలివో చూడండి! ఆ ఊళ్లో చెయ్యి తిరిగిన ప్రతివాడూ ఆరున్నర బస్సెక్కి, ఏటికి అవతలి నగరంలోని ఫ్యాక్టరీలకు పోతాడు.

తలుపు తీసినవాడు ఒక్కడే, బస్సు తప్పిన వెల్డరు.

"ఊళ్లో పనివాళ్లెంతమంది?"

"మూడొందల పైనే."

"నాకు కనబడింది మీరొక్కరే."

"మిగతావాళ్లు పనికెళ్లారు కదండీ!"

"అయితే పనివాళ్లు లేరని రాయాలి. లేని ఊరికి ఫ్యాక్టరీ ఇవ్వరు."

"భలేవారే! పనిలో ఉన్నారు కాబట్టి లేరా?"

ఆమెకు నవ్వాగలేదు. ఆ నవ్వుకి వెల్డరు పని అయిపోయింది.

"పదేళ్లలో ఈ ఊరికి కొత్తగా కాపురానికొచ్చినవాళ్లు?"

"సున్నా వేసుకోండి."

లోపల్నుంచి తల్లి అందుకుంది. "ఊరి పేరు చెప్పగానే మావాడికి మూడు సంబంధాలు వెనక్కి పోయాయమ్మా!"

"అమ్మా!" వెల్డరు సిగ్గుతో చచ్చిపోయాడు.

మర్నాడూ తలుపు తీసింది అతనే.

"మళ్లీ బస్సు తప్పిందా?"

"లేదండీ. నేనే ఎక్కలేదు."

ఆమె తల వంచుకుని, రాసిందే మళ్లీ రాసింది.

మూడోనాడు ఆమె తెల్లవారి ఆరింటికే బస్టాపులో నిలబడి, క్యూలో ఉన్న అందరినీ రాసుకుంది. మూడొందల పన్నెండు మంది. వానొస్తే వెల్డరు గొడుగు కాగితాలకు పట్టాడు. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. ఈసారి ఫ్యాక్టరీ మనదేనని క్యూ అంతా సంబరపడింది.

నగరంలో కూర్చున్న పై ఆఫీసరు ఆ లెక్క చూసి మురిసిపోయాడు. "ఇంతమంది ఎలాగూ నగరానికే వస్తున్నారన్నమాట! ఫ్యాక్టరీ ఇక్కడే పెట్టేద్దాం. కావాలంటే వాళ్లకి ఇంకో బస్సు వేద్దాం."

ఆ సాయంత్రం ఆమె వెల్డరు ఇంటికొచ్చి గుమ్మంలోనే ఏడ్చేసింది.

"నా లెక్క వల్లే పోయింది."

"ఊరుకోండి. కూర్చోడానికి సీటైనా దొరుకుతుంది."

"జోకులా? నాకిక్కడ ఒళ్లు మండిపోతోంది!"

కళ్లు తుడుచుకుని, తన దగ్గర మిగిలిన చివరి కాగితం తీసింది. కాపురానికొచ్చినవాళ్ల గడిలో సున్నా కొట్టేసి ఒకటి వేసింది.

"ఎవరొస్తున్నారు?" అన్నాడు వెల్డరు.

"నేను. మీకిష్టమైతేనే."

మూడొందల మంది తరఫున వాదించినవాడు ఇప్పుడు ఆమెకని కుర్చీ తెచ్చి, తనే కూర్చున్నాడు.

"ఇష్టమేనని రాసుకోమ్మా!" అంది తల్లి లోపల్నుంచి.