నేలియా మార్కులు ఎందుకు తగ్గాయి

శనివారం పొద్దున ఇల్డా తియ్యరొట్టెకి పిండి కలిపి, గిన్నె మీద తడిగుడ్డ కప్పి, పొయ్యి పక్కన వెచ్చగా పెట్టింది. బయట అమెరికా రేవు పట్టణం న్యూ బెడ్‌ఫర్డ్ వీధుల్లో మంచు కరిగీ కరగకుండా బురదగా ఉంది. భర్త ఆర్మీందో చేపల పడవ మీద సముద్రంలో ఉన్నాడు. సోమవారానికో మంగళవారానికో వస్తాడు. కూతురు నేలియా బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగుతోంది. తాగుతోందన్న మాటే గాని, కప్పు ఎప్పుడో చల్లారిపోయింది.

గురువారం ఆమెకి మెడికల్ కాలేజీలో ఇంటర్వ్యూ.

డిగ్రీలో నేలియాకి వచ్చిన మార్కులు ఎవరికీ చూపించుకునేవి కావు. వాటిని చూసి కిందటేడు ఒక్క కాలేజీ కూడా పిలవలేదు. డిగ్రీ అయ్యాక ఆసుపత్రిలో రోగులకు స్నానాలు చేయించే, పక్కలు మార్చే ఉద్యోగంలో చేరి, సాయంత్రాలు కెమిస్ట్రీ, బయాలజీ మళ్ళీ మొదట్నుంచీ చదివింది. ఈసారి అన్నిటిలోనూ ఏ గ్రేడే. ప్రవేశ పరీక్షా బాగానే రాసింది. అయినా పాత మార్కులు చెరిగిపోయేవి కావు. ఎలాగైతేనేం, ఈ ఏడాది ఒకే ఒక్క కాలేజీ రమ్మంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. కింది వాటాలో ఉండే మేనత్త దియొలిందా కళ్ళజోడు ముక్కు చివరకు జార్చుకుని, మెడలో ముత్యాల దండతో లోపలికి వచ్చింది.

"ఆ దండేమిటి వదినా, పెళ్ళికి గానీ వెళ్తున్నావా?" అంది ఇల్డా.

"ఇవాళ నేను ప్రొఫెసర్ని. బోసి మెడతో ఉంటే ఎవరు లెక్కచేస్తారు? ఏయ్ నేలియా, లే. బయటికి వెళ్ళి మళ్ళీ రా. నడిచొచ్చే తీరే ముందు చూస్తారట."

నేలియా నవ్వుకుంటూ వెళ్ళి వచ్చి కూర్చుంది. డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నారు, ఆసుపత్రిలో ఏం నేర్చుకున్నారు అని దియొలిందా గంభీరంగా అడిగింది. నేలియా తడుముకోకుండా చెప్పింది. ఇల్డా వెనకనుంచి "అబ్బ, ఎంత బాగా చెప్పిందో" అంటూనే ఉంది.

"అంతా బాగుందమ్మాయ్. మరి డిగ్రీలో ఈ మార్కులేమిటి, ఇంత దరిద్రంగా ఏడిచాయి?"

"అత్తా, వాళ్ళలా అడగరు."

"పైకి అడగరు. లోపల అలాగే అనుకుంటారు. చెప్పు."

నేలియా గొంతు సవరించుకుంది. ఈ జవాబు అద్దం ముందు ఎన్నోసార్లు చెప్పుకుంది. "నేను డిగ్రీ చదువుతుండగా మా అమ్మకి కాన్సర్ అని తెలిసింది. ఆవిడని చూసుకుంటూ, ఇంటికీ కాలేజీకీ మధ్య తిరుగుతూ చదువు మీద దృష్టి పెట్టలేకపోయాను. కానీ వైద్యం విలువ నాకు ఆ రోజుల్లోనే తెలిసింది."

ఇల్డా కళ్ళు నిండిపోయాయి. "చెప్పు తల్లీ. నా పేరు కూడా చెప్పు, నేనేం అనుకోను. నా మూలానేగా నీ చదువు వెనకబడింది. కావాలంటే నేనే వచ్చి చెప్తాను వాళ్ళకి, నా పిల్ల తప్పేం లేదు, నేనే మంచాన పడ్డానని."

ఈ మాట ఇల్డాకి కొత్త కాదు. జబ్బు నయమైన నాటి నుంచీ చర్చిలోనూ, తాను వంట చేసే స్కూల్లోనూ, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఇదే చెబుతూ వచ్చింది. చెప్పినప్పుడల్లా నేలియా పక్కకు చూసేది. కాదని ఒక్కసారి కూడా అనలేదు.

"ఆగండాగండి," అంది దియొలిందా. "ప్రొఫెసరుకి అనుమానం వచ్చింది. కెమిస్ట్రీ పోయింది మొదటేడు అని మొన్న నాతో అన్నావు కదే?"

"ఊఁ."

"ఇల్డా జబ్బు సంగతి తేలింది నీ రెండో ఏడు కదా? నాకు బాగా గుర్తు. అప్పుడే నా మోకాలికి ఆపరేషనైంది, అందరూ నన్ను గాలికొదిలేసి దీని చుట్టూ చేరారు."

"అత్తా, వదిలెయ్."

"నేను వదిలేస్తానే. వాళ్ళు వదలద్దూ? ఏ ఏడు ఎన్నొచ్చాయో వాళ్ళకి కనబడుతూనే ఉంటుంది. అడిగితే ఏం చెప్తావ్?"

ఇల్డా తడిచేతులతోనే బల్ల దగ్గరికి వచ్చింది. "అవును కదా. మొదటేడు నేను బాగానే ఉన్నాను. అప్పుడేమైంది?"

"ఏం కాలేదమ్మా."

"ఏం కాకుండా ఫెయిలవుతారా? స్కూల్లో అందరికంటే ముందుండేదానివి. ఎవరైనా ఏమన్నా అన్నారా? ఎవడైనా అబ్బాయా?"

"ఎవరూ లేరు. క్లాసులో కూర్చుంటే అర్థమయ్యేది కాదు. పక్కనున్న వాళ్ళందరికీ అర్థమవుతోంది. అడిగితే నవ్వుతారని అడగలేదు. తర్వాత వెళ్ళడమే మానేశాను. గదిలో పడుకునేదాన్ని. ఎందుకలా పడుకున్నానో నాకిప్పటికీ తెలీదు."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబుదామనే వచ్చాను. రెండో ఏడు, ఇలాగే ఉంటే తీసేస్తామని కాలేజీవాళ్ళు అన్నాక. ఆ వారమే నీ జబ్బు బయటపడింది." అక్కడితో ఆపేయాలని నేలియాకి తెలుసు. ఆపలేకపోయింది. "అప్పుడు నాకు హమ్మయ్య అనిపించింది."

ఇల్డా తడిచేతులు ఏప్రన్‌కి తుడుచుకుని ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"ఏమనిపించింది?"

"ఇక నా మార్కుల గురించి ఎవరూ అడగరు కదా అని. ఒక్క క్షణమమ్మా. ఒక్క క్షణమే."

ఇల్డా ఏప్రన్ విప్పి కుర్చీ మీద పెట్టి, పడగ్గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. దియొలిందా మెడలోంచి దండ తీసి జేబులో వేసుకుంది. "నా నోరు మండ," అని గొణుక్కుంది. పొంగి గిన్నె దాటిన పిండిని ఆ రోజు ఆవిడే కాల్చింది. అడుగు మాడిపోయింది.

ఆదివారం చర్చికి ఇల్డా ఒక్కతే వెళ్ళింది. వచ్చాక కూతురితో "సూపుంది, తిను" అన్నది తప్ప మరో మాట లేదు. కోపమైతే నేలియాకి అలవాటే, అరిచి ఊరుకుంటుంది. ఈ నిశ్శబ్దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో తెలియలేదు. అమ్మ బాధపడింది తన మాటకా, మార్కులకా, దాచినందుకా? దాచింది సరే, తానెందుకు ఇప్పుడు చెప్పింది? చెప్పి బాగుచేసిందా, పాడుచేసిందా? ఆలోచించిన కొద్దీ ముడి బిగిసింది.

సోమవారం సాయంత్రం గిన్నెలు తోముతూ ఇల్డా వెనక్కి తిరగకుండానే అంది.

"నువ్వు హమ్మయ్య అనుకున్నావే, అది నాకు అర్థం కావట్లేదు. దాన్ని పక్కనపెట్టు. ఇన్నేళ్ళు నేను ఊరంతా తప్పు ఒప్పుకుంటూ తిరిగాను. నువ్వు నా పక్కనే నిలబడి విన్నావు. అది చెప్పు నాకు. ఎలా విన్నావు?"

"గురువారం నేను వెళ్ళను," అంది నేలియా.

"వెళ్ళకు. అప్పుడు అది కూడా నా మూలానే అంటారు."

మంగళవారం ఆర్మీందో ఇంటికొచ్చి, గుమ్మంలో బూట్లు విప్పుతూనే వాతావరణం కనిపెట్టాడు. "ఈ ఇంట్లో ఎవరితో ఎవరు మాట్లాడట్లేదో చెబితే, అన్నం ఎవర్ని అడగాలో తెలుస్తుంది," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తనే వడ్డించుకుని తిని పడుకున్నాడు.

గురువారం నేలియా కోటు వేసుకుని కిందికి దిగేసరికి, ఇల్డా కారు స్టార్ట్ చేసి కూర్చుని ఉంది.

"నేను బస్సులో వెళ్తాను."

"ఎక్కు. మంచు పడుతోంది."

వైపర్లు అద్దాన్ని తుడుస్తున్నాయి. హైవే ఎక్కాక ఇల్డా రోడ్డు మీంచి చూపు తిప్పకుండా మొదలుపెట్టింది.

"నీ హమ్మయ్య నాకు అర్థం కాలేదన్నాను కదా. అబద్ధం."

నేలియా తల తిప్పి చూసింది.

"ఆ రోజు డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు నాకు ముందు భయం వేయలేదు. స్కూల్లో అంతమంది పిల్లలకి వంట, ఇంటికొస్తే మళ్ళీ వంట. మీ అమ్మమ్మ అప్పుడు బతికే ఉంది, ఆవిడ మందులు, ఆవిడ సణుగుడు. డాక్టరు చెప్తూనే ఉన్నాడు. నేను మాత్రం, అయితే రేపు పనికెళ్ళక్కర్లేదన్నమాట అనుకున్నాను. ఎంత హాయిగా అనిపించిందో తెలుసా? ఇక నన్నెవరూ ఏమీ అడగరు అని." ఆమె వైపర్ల వేగం పెంచింది. "తర్వాత కార్లో కూర్చుని నన్ను నేను చెడతిట్టుకున్నాను. మొగుడు, పిల్ల ఉన్న ఆడది ఇలా అనుకుంటుందా అని. పాపసంకీర్తనంలో ఫాదర్‌కి కూడా చెప్పలేదు."

నేలియాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గొంతులోంచి వచ్చింది రెండూ కాదు. "అమ్మా, మరి నా మీద కోపం..."

"కోపం ఉంది. అది ఇంకా పోలేదు. అది వేరే సంగతి."

"లోపల ఏం చెప్పమంటావ్?"

"నాకేం తెలుసే? నా జబ్బు మాత్రం వాడకు. అది నాది."

ఇంటర్వ్యూ చేసినావిడ తెల్లటి జుట్టున్న పెద్ద డాక్టరు. మొదట అన్నీ మామూలు ప్రశ్నలే అడిగింది. తర్వాత కాగితం మీద వేలు పెట్టి, "ఈ మొదటి రెండేళ్ళ గురించి చెప్పండి," అంది.

"పూర్తిగా నాకే తెలియదండీ," అంది నేలియా. "తెలిసింది మాత్రం చెప్తాను. మా ఊళ్ళో నేను తెలివైన పిల్లని. కాలేజీలో మొదటిసారి ఏదో అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడం నాకు రాదు. అందుకని దాక్కున్నాను. తర్వాత ఇంట్లో ఒక కష్టం వచ్చింది. అందరూ దానివల్లేనని అనుకున్నారు, నేను అనుకోనిచ్చాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడు అడుగుతాను. కిందటి నెల ఒక పెద్దాయన్ని పక్కకి తిప్పబోతే ఆయన ముఖం ఏదోలా అయింది. ఏం చేయాలో తెలియలేదు. అరిచి నర్సుని పిలిచాను. వార్డంతా నా వైపు చూసింది. ఏమీ కాలేదు, ఆయనకి కాలు తిమ్మిరెక్కిందంతే. కానీ పిలిచాను."

డాక్టరు నవ్విందో లేదో నేలియాకి తెలియలేదు. ఏదో రాసుకుని, చెయ్యి కలిపి పంపేసింది.

మార్చిలో సమాధానం వచ్చింది. వెయిటింగ్ లిస్టు.

"అంటే వచ్చినట్టా, రానట్టా?" అంది ఇల్డా.

"ఎవరైనా మానేస్తే వచ్చినట్టు."

"ఇదేం చోద్యం! మానేసేవాళ్ళు ఎందుకు అప్లై చేశారట?" అని కింది నుంచి దియొలిందా గయ్యిమంది.

జూన్‌లో వచ్చినవాళ్ళందరికీ సూపు పెట్టే పవిత్రాత్మ పండుగ వచ్చింది. చర్చి హాల్లో ఇల్డా పెద్ద గిన్నెలోంచి మాంసం సూపు వడ్డిస్తుంటే, నేలియా పక్కన రొట్టె ముక్కలు వేస్తోంది. వరసలో ఉన్న ఒక ముసలావిడ పళ్ళెం చాపుతూ, "పాపం, నీ జబ్బుతో పిల్ల డాక్టరీ ఆగిపోయింది కదూ ఇల్డా?" అంది జాలిగా.

నేలియా చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. తనే నోరు తెరవబోయింది. అంతలో ఇల్డా గరిటె గిన్నె అంచుకి ఆనించింది.

"నా జబ్బుకీ దాని చదువుకీ సంబంధం లేదండీ. అప్పుడు చదవలేదు, ఫెయిలయ్యింది. ఇప్పుడు చదివింది, పాసయ్యింది. సూపు చాలా, ఇంకొంచెం వెయ్యనా?"

ముసలావిడ తెల్లబోయి ముందుకు కదిలింది. నేలియా ముఖం కందిపోయింది. నలుగురిలో తలవంపుగానే ఉంది, అయినా ఎన్నో ఏళ్ళ తర్వాత అమ్మ పక్కన నిటారుగా నిలబడింది. ఇల్డా ఆమె వైపు చూడకుండానే మోచేత్తో పొడిచింది. "రొట్టె వెయ్యవే, వరస ఆగిపోయింది."

జూలై మొదట్లో ఒక మధ్యాహ్నం నేలియా డ్యూటీ నుంచి వస్తుండగా మెట్ల దగ్గర ఫోన్ మోగింది. విన్నది విని, థాంక్స్ చెప్పి, అక్కడే కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. ఇల్డా పైనుంచి పరుగున దిగి వచ్చి కూతురి తల ఒడిలోకి తీసుకుంది.

"పోనీలే తల్లీ. పోతే పోయింది. వచ్చే ఏడు మళ్ళీ రాద్దాం. వాళ్ళకి నువ్వు దొరికే రాత లేదు."

"రమ్మన్నారమ్మా."

"ఆఁ?"

"సీటిచ్చారు. రమ్మన్నారు."

ఇల్డా కూతురి వీపు మీద ఒక్కటి చరిచింది. "ఆ ముక్క ముందు చెప్పి ఏడవచ్చు కదే!" అంటూ ఆమే బావురుమంది.

ఆ ఏడుపులకి కింది వాటా తలుపు తెరుచుకుంది. దియొలిందా గుండె మీద చెయ్యి వేసుకుని బయటికి వచ్చింది.

"అయ్యో దేవుడా! ఎవరు పోయారే?"

"ఎవరూ పోలేదు వదినా," అంది ఇల్డా, కూతుర్ని వదలకుండా. "ఇది కాలేజీకి వెళ్తోంది."