మెట్ల మీద పలకరింపు

“హాయ్!” అన్నాడు అడవి దారిలో ఎదురొస్తున్న మనిషి.

సిగ్నె బిత్తరపోయింది.

ఓస్లో అడవి దారుల్లో ఎదురైనవాళ్ళు హాయ్ అనడం మామూలే. అనకపోతేనే వింత. కానీ ఇక్కడ అన్నది ఐవిన్. మా బిల్డింగులో, మూడో అంతస్తులో, సరిగ్గా ఆమె ఎదురింటి ఐవిన్. మూడేళ్ళుగా ఒకే మెట్లు ఎక్కి దిగుతున్నారు, ఒక్క మాట లేదు. మెట్ల మీద పలకరించుకోవడం మాలో ఎవరికీ అలవాటు లేదు. అతని తలుపు చప్పుడైతే సిగ్నె లోపలే నిలబడి, అడుగులు కిందికి పోయాకే బయటికొచ్చేది.

“హా… హాయ్,” అంది. తన గొంతు విని తనే మరోసారి ఉలిక్కిపడింది.

“మీకు మాటలొచ్చా!”

“మీకు పళ్ళున్నాయని నేనూ ఇవాళే చూశాను.”

ఐవిన్ ఇంకాస్త పళ్ళు చూపించాడు.

సిగ్నె అడవికి సరదా పడి రాలేదు. నలుగురిలో నోరు తెరవాలంటే ఆమెకు గుండెదడ. డాక్టరమ్మ మాత్రలు రాయకుండా “ఆదివారాలు అడవిలో నడవండి” అని రాసిచ్చింది. వాళ్ళమ్మ చిన్నప్పట్నించీ మొత్తుకుంటున్న మాటే అది. కాకపోతే అమ్మ చెబితే వైద్యం కాదు.

సరస్సు ఒడ్డున బండ మీద కూర్చుని ఐవిన్ నారింజ ఒలిచి సగం ఇచ్చాడు. ఆ మొదటి ఆదివారం అంతకు మించి మూడు మాటలు. రెండో ఆదివారం వాన. ఒకే చెట్టు కింద ఇద్దరూ, మధ్యలో మర్యాదగా ఇంకొక మనిషి పట్టేంత చోటు. నాలుగో ఆదివారం బ్లూబెర్రీల కోసం దారి తప్పి, తప్పు నీదంటే నీదని గంటసేపు పోట్లాడుకున్నారు. మర్నాడు ఆఫీసు మీటింగులో కొత్త బ్రాంచీల మ్యాపు చూపిస్తున్న బాసుతో సిగ్నె, “సార్, మీరు మ్యాపు తలకిందులుగా పట్టుకున్నారు” అంది. బాసు అవాక్కయ్యాడు. అంతకంటే ఎక్కువ సిగ్నె.

మెట్ల మీద మాత్రం ఇద్దరూ ఎవరి బూట్లు వాళ్ళు చూసుకుంటూ దిగిపోయేవారు.

ఆరో ఆదివారం ఐవిన్ ఉన్నట్టుండి అన్నాడు. “ఇల్లు ఖాళీ చేస్తున్నా. లోఫోటెన్ దీవులకి వెళ్ళిపోతా, మావాళ్ళ దగ్గరికి.”

సిగ్నె కాఫీ కప్పు కింద పెట్టేసింది. “ఎందుకు?”

“మా దీవుల్లో మెట్ల మీద తిట్టుకుంటారు, కనీసం. ఇక్కడ మూడేళ్ళలో నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు.”

“నేను పిలవట్లా?”

“అడవిలో! ఇక్కడ దుప్పి ఎదురొచ్చినా హాయ్ అంటావు. సోమవారం నా మొహం కూడా చూడవు. నువ్వు మాట్లాడేది నాతోనా, చెట్లతోనా?”

“నువ్వు మాత్రం చూశావా?”

“నీ బూట్లు చూశాను. కుడిదానికి లేసు తెగింది.” లేచి నిలబడ్డాడు. “శుక్రవారం ఓనరుకి నోటీసు ఇచ్చేస్తున్నా.”

శుక్రవారం పొద్దున ఎదురింటి తలుపు చప్పుడైంది. సిగ్నె అలవాటుగా లోపలే ఆగింది. గుండె దడదడలాడుతోంది. వానలో నాచు పట్టిన రాళ్ళ మీద నడిచినప్పుడూ ఇదే దడ. అప్పుడు దడ తగ్గేదాకా ఆగిందా? కాలు ముందుకు వేసింది.

తలుపు తీసింది.

“ఐవిన్!”

బిల్డింగంతా మోగింది. రెండో అంతస్తు హల్వర్ గారి చేతిలోని చెత్త సంచి జారి, బంగాళదుంప తొక్కలు మెట్ల మీద చెల్లాచెదురయ్యాయి.

“అమ్మాయీ, అంబులెన్సుకి ఫోన్ చెయ్యనా?”

“వద్దండీ. హాయ్, హల్వర్ గారూ!”

పెద్దాయన గోడ పట్టుకున్నారు.

ఐవిన్ నోటీసు కవరు చేత్తో పట్టుకుని, మెట్టు మీద పెట్టబోయిన కాలు గాల్లోనే ఉంచి నిలబడిపోయాడు.

“వెళ్ళకు,” అంది సిగ్నె. “నువ్వంటే నాకిష్టం. చెట్లు కాదు. చెట్లూ ఇష్టమే అనుకో… కానీ నువ్వు.”

కింద రెండు తలుపులు తెరుచుకున్నాయి.

ఐవిన్ చెవులు ఎర్రబడ్డాయి. కవరు నాలుగు మడతలు పెట్టి జేబులోకి తోసి, రెండేసి మెట్లు ఎక్కి వచ్చాడు.

“మళ్ళీ చెప్పు. పైవాళ్ళకు వినిపించలేదేమో.”

“వినిపించింది!” అన్నాను నేను, నాలుగో అంతస్తు మెట్ల రెయిలింగు మీంచి, పిండి చేతులతో వంగి. “అయినా చెప్పమ్మా.”

ఇరవై రెండేళ్ళలో ఆ మెట్ల మీద నేనన్న మొదటి మాట అది. మా ఆయన లోపల్నుంచి పరుగెత్తుకొచ్చాడు, ఏమైందోనని.