మంట రంగు మార్చే గది

ఊరి నీళ్లు పరీక్షించే ల్యాబులో వెనక గదికి మంచి పేరు లేదు. పగలే అటువైపు ఎవరూ తొంగిచూసేవారు కాదు, ఇక చీకటి పడ్డాక చెప్పేదేముంది. నేను కళ్లారా చూడలేదు లెండి. విన్నది విన్నట్టు చెప్తున్నా. నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం.

ఆ గదిలో ఒక మంట మిషను ఉంది. గ్యాసు వదిలి వెలిగిస్తే బుల్లి నీలిమంట వస్తుంది. అందులోకి నీళ్లు తుంపరగా వెళ్తాయి. నీళ్లలో ఉప్పుంటే మంట పసుప్పచ్చగా మారుతుంది. ఎంత పచ్చనో ముల్లు కొలిచి అంకె చూపిస్తుంది. ఉప్పు బొత్తిగా లేని నీళ్లకి మంట నీలంగానే ఉండాలి, ముల్లు సున్నా మీదే ఉండాలి. ఇంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

వెనకటికి అక్కడ ఒక పెద్ద కెమిస్టు ఉండేవాడు. ఒక రాత్రి ఒంటరిగా కూర్చుని, మరిగించి, ఆవిరిని చల్లార్చి పట్టిన స్వచ్ఛమైన నీళ్లు మిషనుకి పెట్టాడట. మంట నీలంగా ఉంది... నీలంగానే ఉంది... ఉన్నట్టుండి పచ్చగా లేచింది.

ఆయన గ్యాసు కట్టేసి, లేచి బయటికి నడిచాడు. "ఎవరో వచ్చి నా పక్కన నిలబడ్డారు" అని మాత్రం వాచ్‌మన్ చెవిలో అన్నాడట. మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఏళ్ల తరబడి ల్యాబుకి తాళమే.

ఆ తాళం తీసిన మనిషిని వీధిలో అందరూ కెమిస్టమ్మ అంటారు. దెయ్యాల మాట ఎత్తితే నవ్వేసే రకం. కానీ లోపల అడుగుపెట్టాక నవ్వు ఆగిపోయింది, దెయ్యాన్ని చూసి కాదు, మిషన్ల గతి చూసి. గాలి కొట్టే కంప్రెసరు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. రబ్బరు గొట్టాలు ముట్టుకుంటే ఎండుపుల్లల్లా విరిగాయి. బర్నరులో కందిరీగలు మట్టిగూడు కట్టుకుని కాపురం పెట్టాయి. నీళ్లు పీల్చే సన్నగొట్టం పూడుకుపోయింది. సైకిలు బ్రేకు తీగలోంచి ఒక్క పోగు లాగి, దాంతో ఓపిగ్గా పొడిచి పొడిచి తెరిచింది. మిగతావన్నీ ఒక్కొక్కటే బాగుచేసుకుంది. పగలంతా ఊరి పంపులు నడిచి కరెంటు ఎగుడుదిగుడుగా ఉంటుంది, ముల్లు నిలవదు. అందుకని పంపులు ఆగాక రాత్రిళ్లే పని.

ఇంత తాపత్రయం ఎందుకంటే, వాళ్లమ్మ కోసం. అమ్మకి బీపీ. డాక్టరు ఉప్పు మానమన్నాడు. కూరల్లో ఉప్పు మానేసినా బీపీ దిగి రాదు. వీధిలో బోరు నీళ్లే ఉప్పగా ఉన్నాయని కెమిస్టమ్మ అనుమానం. కానీ అనుమానాన్ని చూసి పైపులెవరు వేస్తారు? పంపుహౌసు ఇంజినీరు ఖరాఖండిగా చెప్పేశాడు.

"రేపు పొద్దున వస్తా. ముందు ఉప్పులేని నీళ్లకి సున్నా చూపించండి, ఆ తర్వాత మీ బోరు నీళ్ల అంకె చూపించండి. అంకె ఎక్కువుంటే మీ వీధికి కొత్త పైపు. మిషను తిక్కతిక్కగా ఆడిందో, ఆ గది నా పైపుల గోడౌను."

ఆ సాయంత్రం బయల్దేరే ముందు ఇంట్లో చిన్న యుద్ధం. వంటింట్లో పైఅర మీద దాచిన ఉప్పు డబ్బా దించి చూస్తే అడుగంటింది.

"దొంగచాటుగా తింటున్నావా అమ్మా? నేను ఎవరి కోసం చస్తున్నాననుకున్నావు?"

అమ్మ ఇస్త్రీ చేసిన తెల్లకోటు తెచ్చి భుజాల మీద వేసింది. రోజూ తనే ఉతుకుతుంది, ఎవర్నీ ముట్టుకోనివ్వదు. "ఆ గదిలో ఉన్నంతసేపూ దీన్ని విప్పకు" అంది. అంతే.

కెమిస్టమ్మ మనసు చివుక్కుమంది. అయినా విసురుగా వెళ్లిపోయింది.

గదిలో లైటు తీసేసింది. మంట రంగు చీకట్లోనే బాగా తెలుస్తుంది మరి. మిషను బాగుచేశాక మొదటిసారి అగ్గిపుల్ల గీసింది. నీలిమంట లేచింది... చక్కగా, నిటారుగా. స్వచ్ఛమైన నీళ్ల గ్లాసు పెడదామని చెయ్యి చాపింది.

మంట పచ్చబడింది.

చెయ్యి వెనక్కి తీసుకుంది. మంట మెల్లగా నీలమైంది. "గ్లాసులో ఉప్పుందేమో" అనుకుని మళ్లీ కడిగింది. గొట్టాలు కడిగింది. బల్ల తుడిచింది. చేతులు తోముకుంది. నీళ్లు మార్చింది. దగ్గరికి వచ్చింది... మళ్లీ పచ్చన. ఈసారి గ్లాసు కూడా పెట్టలేదు.

గడప దగ్గర వాచ్‌మన్ టార్చి పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డాడు. ఆయన్ని ఆమె బాబాయ్ అంటుంది.

"బాబాయ్, ఒక్కసారి లోపలికి రా."

"నేనా? నాకు పెళ్లాం పిల్లలున్నారమ్మా."

"రమ్మన్నానా!"

ఆయన గుండె చిక్కబట్టుకుని మంట దాకా వచ్చాడు. మంట నీలంగానే ఉంది. చెయ్యి ఊపాడు. నీలమే. ఆయన పక్కకి తప్పుకుని, ఆమె ఒక్క అడుగు ముందుకి వేసింది—

భగ్గున పచ్చన.

వాచ్‌మన్ టార్చిని ఆమె వెనక్కి తిప్పాడు. "అమ్మా... అది గదిలో లేదు. నీ వెనకే... వస్తోంది."

దెయ్యాల్లేవని నవ్వే కెమిస్టమ్మకి అప్పుడు ముచ్చెమటలు పోశాయి. నిజంగా భయమేసింది. వెనక్కి తిరిగి చూడాలంటే మెడ తిరగలేదు. దెయ్యం సంగతి తర్వాత, రేపు ఇంజినీరు ముందు ముల్లు ఇలాగే ఎగిరితే అమ్మ ఆ ఉప్పునీళ్లే తాగుతూ ఉండాలి కదా... కళ్లు చెమర్చాయి. మొహం మీద చెమట కోటు చేతిమడతతో గట్టిగా తుడుచుకుంది.

పెదవులు ఉప్పగా తగిలాయి. చెమట ఉప్పగానే ఉంటుంది, నిజమే. కానీ ఇంతా?

ల్యాబులో దేన్నీ నాలిక మీద పెట్టకూడదన్నది ఏ కెమిస్టుకైనా మొదటి పాఠం. ఆవిడ దాన్ని కాస్త పక్కన పెట్టి, పొడిగా ఉన్న రెండో చేతిమడత అంచు నాకింది. సముద్రం నోట్లోకొచ్చినట్టయింది.

గబగబా కోటు విప్పి వాచ్‌మన్ చేతిలో పెట్టింది. ఉత్త చేతులతో మంట దగ్గరికి వెళ్లింది. నీలం. నిటారుగా, ముచ్చటగా నీలం. "ఇప్పుడు నువ్వు రా బాబాయ్, కోటు దులుపు" అంది. ఆయన రెండు వేళ్లతో పట్టుకుని దులిపాడు. మంట పచ్చగా ఎగిరింది. ఆయన కోటుని వదిలేసి రెండడుగులు వెనక్కి గెంతాడు.

గది మొత్తం కడిగింది, గొట్టం గొట్టం కడిగింది, కానీ ఒంటి మీదున్న కోటుని మాత్రం అనుమానించలేదు. అమ్మ ఉతికింది కదా, దానికన్నా శుభ్రమైనది ఆ గదిలో ఇంకేముంది?

"మీ అమ్మగారు మొన్నామధ్య నన్నడిగారమ్మా" అన్నాడు వాచ్‌మన్ నసుగుతూ. "ఆ గదిలో నిజంగానే ఉందా అని. ఉందన్నాను. ఉప్పుంటే దెయ్యాలు దగ్గరికి రావంటారు కదా అన్నారు. అంటారన్నాను."

కెమిస్టమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఉప్పు డబ్బా గుర్తొచ్చి, స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది. అమ్మ ఒక్క రవ్వ తినలేదు. డబ్బా అంతా కూతురి కోటు ముంచే నీళ్లలోనే పోసింది.

పొద్దున్నే ఇంజినీరు వచ్చాడు. కోటు లేకుండానే మిషను ముందు కూర్చుంది. స్వచ్ఛమైన నీళ్లకి ముల్లు సున్నా మీద బుద్ధిగా నిలబడింది. బోరు నీళ్లు పెట్టగానే మంట బంతిపువ్వైంది, ముల్లు చివరిదాకా వెళ్లి కొట్టుకుంది. ఇంజినీరు ఇంకోసారి పెట్టించాడు. మళ్లీ అదే. "ఈ నీళ్లా మీరు తాగేది!" అని, పైపు పని ఈ వారమే మొదలెడతానని మాటిచ్చి వెళ్లాడు.

తాళం వేస్తూ వాచ్‌మన్‌తో అంది. "చూశావా బాబాయ్, ఆ పెద్దాయన కోటు కూడా వాళ్లావిడ ఇలాగే ఉతికి ఉంటుంది."

"ఆయనకి పెళ్లి కాలేదమ్మా" అన్నాడు వాచ్‌మన్ గొంతు తగ్గించి. "అసలాయన కోటు వేసుకునేవాడే కాదు."

కెమిస్టమ్మ తాళం రెండుసార్లు లాగి చూసుకుని, కోటు భుజాన వేసుకుని గబగబా ఇంటికి నడిచింది.

అమ్మ పెరట్లో బకెట్టు ముందు కూర్చుని ఉంది. పక్కన మళ్లీ నిండిన ఉప్పు డబ్బా. కెమిస్టమ్మ వెళ్లి వెనక నుంచి మెడ చుట్టూ చేతులు వేసింది. అనవసరంగా తిట్టానని ఒప్పుకుంది. మంట సంగతి, కోటు సంగతి, పైపు సంగతి అంతా చెప్పింది. "నీ ఉప్పే దెయ్యమైంది అమ్మా" అంది.

అమ్మ నిదానంగా అంతా వింది.

"అయితే ఇన్ని రాత్రులు ఒంటరిగా ఆ గదిలో కూర్చున్నావు. వేరే ఏదీ నీ దగ్గరికి రాలేదన్నమాట."

"రాలేదు."

"మరి!" అంది అమ్మ, కూతురి భుజం మీది కోటు లాగి బకెట్లో ముంచుతూ.