ఈ ఫొటోలో ఉన్నది ఎవరు?

చచ్చిపోయిన తమ్ముడి కొత్త ఫొటోని చీఫ్ టేబుల్ మీద మైనం ముందుకి తోశాడు.

మైనం దాన్ని ముట్టుకోలేదు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ మైనం అనే పిలుస్తారు, ముఖాన్ని ఎలా ఒత్తితే అలా మారిపోతుందని. ఆ క్షణంలో మాత్రం ఆ ముఖం నిండా భయమే ఉంది.

ఫొటో చూడటానికి నలభై, యాభై ఏళ్ళ కిందటిదిలా ఉంది. పసుపెక్కిన నలుపు తెలుపు, అంచుల్లో పురుగు కొట్టిన చిల్లులు, వెనక రంగులేసిన స్టూడియో పరదా, పాతకాలపు కోటు. కోటులో ఉన్నది మాత్రం అతని తమ్ముడు. పడవ మునిగి పోయాడని ఏళ్ళ క్రితం తల్లికి మైనమే స్వయంగా చెప్పి, ఆమె పక్కన కూర్చుని ఏడ్చి వచ్చాడు. నిజానికి వాడు సరిహద్దు అవతల శత్రువుల ఆయుధాల ఆఫీసులో, వాళ్ళ దేశస్థుడిగా, వేరే పేరుతో ఉద్యోగం చేస్తున్నాడు.

"పోయిన నెల వాళ్ళే దొంగచాటుగా తీసి, పాతదానిలా తయారు చేశారు," అన్నాడు చీఫ్. "మీవాడికి జ్వరం తగిలింది. మత్తులో ఏదో కలవరించాడు. ఆ యాస ఈ ఊరిదని వాళ్ళ అనుమానం. రుజువు లేదు. దానికోసం లైబ్రరీని వాడుకుంటున్నారు."

ఊళ్ళోని రీసెర్చ్ లైబ్రరీలో అరుదైన పుస్తకాలూ, రాతప్రతులూ కాక పాత ఫొటోలు గుట్టలకొద్దీ ఉన్నాయి. వాటిలో సగంమంది ఎవరో ఎవరికీ తెలీదు. అందుకే ఏటా ఒక రోజు వాటిని హాల్లో తీగలకు క్లిప్పులతో వేలాడదీసి, 'ఈ ఫొటోలో ఉన్నది ఎవరు?' అని బోర్డు పెట్టి, ఊరి పెద్దవాళ్ళని పిలుస్తారు. ఈసారి ఆ ఫొటోల్లో దీని అసలు చేరింది, చీఫ్ దగ్గరున్నది నకలు.

"ఎవరో ఒక ముసలాయన చూసి, 'అచ్చం ఫలానా వాళ్ళ చిన్నబ్బాయిలా ఉన్నాడే' అంటే చాలు. అక్కడ మీవాడి గది బయట ఇద్దరు కూర్చున్నారు. ఇక్కణ్ణించి పేరు వెళ్ళగానే లోపలికి వెళ్తారు."

"తీసేద్దాం సార్ ఫొటోని."

"తీస్తే వాడు మనవాడని మనమే చెప్పినట్టు."

"మనవాళ్ళని పంపి తప్పుడు పేరు చెప్పిద్దాం."

"అక్కడ కూర్చునేది రెండు జీతాలు. మన ఆఫీసులో వేషం వెయ్యనివాళ్ళ మొహాలన్నీ ఆమెకి కంఠతా వచ్చు."

రెండు జీతాలంటే ఒక విదేశీ ఫౌండేషన్ తరఫున పాత ఫొటోల నిపుణురాలిగా తిరిగే అందగత్తె. అక్కడా జీతం తీసుకుంటుంది, ఇక్కడా తీసుకుంటుంది. ఏ రోజు ఎవరికి పని చేస్తుందో ఆమెకే తెలియాలి.

చీఫ్ డ్రాయర్‌లోంచి ఒక పెన్సిల్ తీశాడు. లైబ్రరీ లోపలికి పెన్నులు రానివ్వరు కాబట్టి టెక్నికల్ వాళ్ళు సూదిని పెన్సిల్లోనే అమర్చారు. "నువ్వు గార్డు వేషంలో వెళ్ళు. ఎవరైనా గుర్తుపడితే, పేరు నోరు దాటకముందే గుచ్చు. కుప్పకూలిపోతారు. గుండెపోటనుకుంటారు."

"మళ్ళీ లేస్తారా సార్?"

"వయసులో ఉన్నవాళ్ళయితే లేస్తారు."

వచ్చేవాళ్ళందరూ ముసలివాళ్ళని ఇద్దరికీ తెలుసు. మైనం పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు.

"మీ అమ్మగారు?"

"పిన్ని వాళ్ళ ఊరు పంపించాను సార్. వారం దాకా రాదు."

ఉదయం తలుపులు తెరిచేసరికి హాల్లో ఒక గార్డు ఉన్నాడు. వంగిన నడుము, నెరిసిన మీసం, ఖాకీ బట్టలు. చెవిలో వినికిడి మెషిన్, అందులో చీఫ్ గొంతు. చొక్కా గుండీలో చీఫ్‌కి హాలంతా చూపించి వినిపించే కెమెరా. పాత కాగితాలు పాడవకుండా ఏసీ గట్టిగా పెట్టారు. అయినా గార్డుకి చెమటలు పడుతున్నాయి.

రెండు జీతాలు ముదురు ఆకుపచ్చ చీరలో టేబుల్ దగ్గర కూర్చుంది. భుజం మీద రాయి పొదిగిన బ్రోచ్. అందులోని మైకు ఆవరణలో ఆగిన నల్లకారుకి ప్రతి మాటా చేరవేస్తోంది. కారు అద్దాలు ఎక్కించే ఉన్నాయి. అందులో ఎవరున్నదీ కనబడటం లేదు.

జనం బాగానే వచ్చారు. భూతద్దాలు పట్టుకుని ఫొటోలకి ముక్కులు ఆనించేస్తున్నారు. ఒక జంట ఎవరి మేనమామకి బట్టతలో తేలక పోట్లాడుకుంటోంది. ఎవరైనా తమ్ముడి ఫొటో ముందు ఆగితే చాలు, మైనం చెయ్యి జేబులోని పెన్సిల్ మీదికి వెళ్తోంది. పదకొండు గంటలప్పుడు రిటైర్డ్ లెక్కల మాస్టారు ఆగారు. తమ్ముడికి లెక్కలు చెప్పింది ఆయనే.

"ఈ మొహం... నేనెక్కడో చూశానే..."

"మాస్టారూ!" గార్డు గబగబా వెళ్ళాడు. "మీ జేబులో పెన్ను ఉంది. ఇంకు ఒలికిందంటే నా ఉద్యోగం ఊడిపోద్ది. కౌంటర్లో ఇచ్చేసి రండి."

"అది మా మనవడిచ్చిన పెన్నయ్యా!"

"బంగారప్పెన్నయినా ఇంతే మాస్టారూ. రూలు."

మాస్టారు సణుక్కుంటూ వెళ్ళి, కౌంటర్లో గొడవపడి, కోపంతో ఇంటికే వెళ్ళిపోయారు. రెండు జీతాలు తలెత్తి గార్డు వైపు చూసి చిన్నగా నవ్వింది.

అప్పుడు గుమ్మంలోంచి తల్లి వచ్చింది.

పక్కన ఇరుగమ్మ. తల్లి చేతిలో సంచీ. పిన్నితో మాటామాటా వచ్చి రాత్రి బస్సెక్కేసిందని తర్వాత తెలిసింది. ఆ అక్కచెల్లెళ్ళ సంగతి చిన్నప్పట్నుంచీ చూస్తూ కూడా నమ్మినందుకు మైనం తన్ను తాను తిట్టుకున్నాడు.

"ఎవరావిడ?" చెవిలో చీఫ్. "మా అమ్మ," అన్నాడు మైనం పెదవులు కదపకుండా. "ఆర్డరు మారదు," అన్నాడు చీఫ్. ఆ గొంతు మాత్రం మారింది.

తల్లి ఒక్కో ఫొటో చూసుకుంటూ తీరిగ్గా వస్తోంది. అతను వెనకాలే నడిచాడు. జేబులో చెయ్యి పెన్సిల్ మీద ఉంది. ఒకవైపు తమ్ముడు, ఒకవైపు ఆమె. ఇలాంటి లెక్క ఏ కొడుక్కీ రాకూడదు.

ఆమె ఆ ఫొటో ముందు ఆగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళు నిండిపోయాయి. చిన్నకొడుకు పోయాడన్ననాటికి వాడి కణతల దగ్గర తెల్లవెంట్రుకలు లేవు. ఫొటోలో ఉన్నాయి.

రెండు జీతాలు లేచి వచ్చింది. "గుర్తుపట్టారా అమ్మా?"

"గుచ్చు," అన్నాడు చీఫ్.

మైనం జేబులోంచి చెయ్యి తీశాడు. ఆ చేతిలో ఏమీ లేదు. అతని వల్ల కాలేదు. ఆ అలికిడికి తల్లి తలతిప్పి గార్డుని చూసింది. మీసాన్ని, ఖాకీని, వంగిన నడుముని చూసింది. వాటి వెనక బిక్కచచ్చిపోయి నిలబడ్డ పెద్దకొడుకుని చూసింది. పచ్చచీర మనిషిని, ఆమె భుజం మీది రాయిని కూడా ఒకసారి చూసింది.

"గుర్తుపట్టకపోవడమేంటమ్మా!" అంది గట్టిగా.

మైనం కళ్ళు మూసుకున్నాడు.

"మా పెళ్ళికి ఫొటోలు తీస్తానని వచ్చినవాడు! మూడుపూటలా మెక్కి, రోజంతా టకటకా నొక్కి, ఆఖర్న కెమెరాలో ఫిల్మే లేదన్నాడు. వీణ్ణెలా మర్చిపోతాను?"

"కళ్ళల్లో నీళ్ళొచ్చాయే మీకు," అంది రెండు జీతాలు మెత్తగా.

"రావా మరి? మా ఆయన పోయాక ఇద్దరం పక్కపక్కన నిలబడ్డ బొమ్మ ఒక్కటైనా లేకుండా పోయింది. ఇక్కడేమన్నా దొరుకుతుందేమోననే వచ్చాను. చూస్తే వీడు దొరికాడు!"

ఇరుగమ్మ ఫొటో దగ్గరికి వంగింది. "అయ్యో, అవును వదినా! మా పెళ్ళి చెడగొట్టింది కూడా వీడే!" ఇంకో పెద్దాయన కర్ర ఆనించుకుంటూ వచ్చాడు. "వీడా! మా చెల్లెలి పెళ్ళిలో తలలన్నీ కోసేసి తీశాడు. ఎప్పుడో పోయాడులే." ఆ ఊళ్ళో పెళ్ళి ఫొటోలు పాడైనవాళ్ళకి కొదవ లేదు. చూస్తుండగానే అక్కడ పెద్ద గుంపయింది. ఒకరు ధీమాగా చెబితే మిగతా అందరికీ అదే గుర్తుకొస్తుంది. పాత ఫొటోలతో పనిచేసేవాళ్ళకి ఇది రోజూ ఉండే తలనొప్పి.

రెండు జీతాలు చెవి దగ్గర వేలు పెట్టి ఏదో విన్నది. బయట నల్లకారు ఇంజను మోగింది. ఎవరో తేలిన ఫొటోని తీగ మీద ఉంచకూడదని లైబ్రరీ పద్ధతి. ఆమె క్లిప్పు విప్పి, ఫొటోని కవర్లో పెట్టి, 'పెళ్ళి ఫొటోగ్రాఫరు, కీర్తిశేషులు' అని పెన్సిల్‌తో రాసింది. బ్రోచ్ ఊడదీసి చేతిసంచీలో వేసుకుంది. గార్డు పక్కనుంచి వెళ్తూ గొంతు తగ్గించింది.

"మీసం ఎడమవైపు అంటు వదిలింది. పొద్దుటి నుంచీ."

అప్పటిగ్గానీ అతనికి తెలియలేదు, ఆ రోజు ఆమె ఏ జీతానికి పనిచేసిందో.

గుమ్మం దగ్గర గార్డు సంచీలు చూసి పంపాలి. తల్లి సంచీ తెరిచి పట్టుకుంది.

"బతికున్నాడా?" అంది, సంచీలోకే చూస్తూ.

"ఊఁ."

"చిక్కిపోయాడు." సంచీలో తువ్వాలు మడత సర్దింది. "నా పక్కన కూర్చుని ఎంత ఏడ్చావురా వాడికోసం."

"అమ్మా..."

"గార్డువి. అమ్మా గిమ్మా అనకు, ఎవరన్నా వింటారు."

సంచీ మూసుకుని మెట్లు దిగింది. ఆఖరి మెట్టు మీద కొంగు ముఖానికి అడ్డం పెట్టుకోవడం అతను చూశాడు. ఇరుగమ్మ ఫొటోగ్రాఫర్ని తిట్టిపోస్తూ ఆమె వీపు నిమిరింది. వెనకాలే పరుగెత్తి వెళ్ళాలనిపించింది అతనికి. వెళ్ళకూడదు.

"మీవాడి గది బయటివాళ్ళు లేచి వెళ్ళిపోయారు," అన్నాడు చీఫ్ చెవిలో. "శభాష్. కానీ మీ అమ్మగారికి విషయం తెలిసిపోయింది. రహస్యం బయటపెట్టనని ఆవిడ చేత కాగితం మీద సంతకం పెట్టించాలి."

"మీరే పట్టుకెళ్ళండి సార్. వాడు పోయాడని అబద్ధం చెప్పమని నాకు ఆర్డరిచ్చింది మీరేనని కూడా చెప్పండి."

ముగ్గురు నియంతల ఎదుట కన్నార్పకుండా కూర్చున్న మనిషి చీఫ్. చెవిలో డ్రాయరు తెరిచి మూసిన చప్పుడు వినిపించింది.

"పోస్టులో పంపిద్దాంలే," అన్నాడు చివరికి.