ఒక్క చుట్టు కీ

"బ్యాటరీ ఉన్న వస్తువేదీ ఆ గేటు దాటదు. ఫోనైనా, సెల్లు వాచీ అయినా అలారం మోగుతాది. అందుకే విక్టర్ కీ వాచీయో, ఆటోమేటిక్కో కట్టుకొని పోతాడు" అన్నాడు చీఫ్ చంద్రమోహన్.

ఏజెంట్ సురేంద్ర మ్యాప్ వైపు చూశాడు. యాడికి కొండమీద రాడార్ స్టేషన్. మధ్యాహ్నం పన్నెండింటికి గార్డులు మారతారు. మూడు నిమిషాలు గేటు ఖాళీ. గాలిమరల ఇంజనీరు వేషంలో ఉన్న విదేశీ గూఢచారి విక్టర్, ఆ మూడు నిమిషాల్లో దూరి రాడార్ డ్రాయింగులు ఎత్తుకుపోతాడు.

"ఇప్పుడే పట్టుకుంటే?"

"ఇంజనీరునంటాడు, వదిలెయ్యాల. కొండ చుట్టూ ఉన్న కంచె దాటినాక, గేటు దగ్గర కొత్త గార్డులకు దొరకాల. మూడు నిమిషాలు లేటు చెయ్యి, చాలు. వాని పక్కన మన మనిషి ఒకరుండారు. పేరు చెప్పను."

మరునాడు యాడికి బస్టాండులో, గొడుగు కింద, కంటికి భూతద్దం బిగించుకుని వాచీల రిపేరు పెట్టె తెరిచాడు సురేంద్ర. ఆ వేషం అతనికి కొత్త కాదు. నాయన తాడిపత్రిలో ముప్పై ఏళ్లు ఇదే పని చేశాడు.

పదీ ఇరవైకి విక్టర్ వచ్చాడు. అతని మోచేతిని పట్టుకుని, నల్ల కళ్లద్దాల్లో, పుష్పావతి, సురేంద్ర ఒకప్పుడు ప్రేమించిన తోటి ఏజెంటు.

ఏడేళ్ల కింద గుత్తి ప్లాట్‌ఫాం మీద, రైలు కదులుతుంటే, నాయన హెచ్.ఎం.టి. వాచీని ఆమె చేతికి కట్టాడు సురేంద్ర. "రోజూ పొద్దున కీ ఇయ్యి. మరిస్తే ఆగిపోతాది." రైలు పోయింది. ఏడాదికి ఫైలు వచ్చింది: పుష్పావతి శత్రువుల్లో కలిసింది.

విక్టర్ ముంజేతికి ఉన్నది ఆ వాచీయే.

"రాత్రి ఆగిపోయింది" అన్నాడు విక్టర్, వాచీ విప్పి ఇస్తూ.

సురేంద్ర వెనక మూత ఊడదీశాడు. లోపల నాయన సూదితో గీసిన సర్వీసింగ్ తేదీలు అలాగే ఉన్నాయి. ఎన్నిసార్లు కట్టిందో వాడి చేతికి? ఈ వేళ్లతోనేనా?

"ఆటోమేటిక్ కదప్పా ఇది?" అంది పుష్పావతి. "కీ ఇచ్చే పన్లేదు, చెయ్యి ఊపితే చాలని సార్‌కు నేనే చెప్పినా. కాదంటాడు. నువ్వే చెప్పు."

విక్టర్ చెయ్యి తుపాకీతో ఉబ్బిన కోటు జేబులోకి వెళ్లింది.

'కాదు' అన్న మాట సురేంద్ర నాలుక చివర నిలిచింది. ఆ ఒక్క మాటతో ఆమె పని అయిపోతుంది. ఒక్క క్షణం అతనికి అదే కావాలనిపించింది.

కానీ, రోజూ కీ ఇచ్చిన మనిషి ఆటోమేటిక్ అని పొరపాటున అంటుందా? మన మనిషి ఈమే. నమ్మకం వచ్చింది. కుళ్లు మాత్రం పోలేదు.

"ఆటోమేటిక్కే సార్. నూనె ఎండింది, అంతే."

చుక్క నూనె వేశాడు. ముళ్లు సరిచేసి, ఆ వంకతోనే ఒక్కటే చుట్టు కీ తిప్పాడు. ఈ వాచీ ఒక్క చుట్టుకు గంటన్నర నడుస్తుందని నాయన లెక్క. విక్టర్ తన ఫోనులో టైం చూసుకున్నాడు. పదీ ఇరవై అయిదు. సరిపోయింది. ఫోను కారులో పడేసి కొండ ఎక్కాడు.

పదకొండూ యాభై అయిదుకు, కంచె లోపల, గేటుకు ఎదురుగా బండ చాటున, వాచీ ఆగింది. విక్టర్ చెయ్యి ఊపాడు. సన్న ముల్లు నాలుగడుగులు వేసి నిలిచింది. మళ్లీ ఊపాడు. మిట్టమధ్యాహ్నమై నీడ కాళ్ల కిందికి దూరినా, ఊపితే నడుస్తుందన్న ఆ వాచీనే అతను నమ్మాడు.

"సార్, టైమెంత?" అని వెనక నుంచి వినిపించింది.

"పన్నెండుకు అయిదు నిమిషాలు" అని చెప్పి తిరిగాడు విక్టర్. సురేంద్ర. అతని పక్కన కొత్త గార్డులు, తుపాకులతో.

"పన్నెండు దాటి అయిదు నిమిషాలు" అన్నాడు సురేంద్ర.

విక్టర్‌ను జీపెక్కించాక పుష్పావతి వాచీ తెచ్చి ఇచ్చింది.

"వాడే కట్టుకున్న్యాడా, చెయ్యి పట్టుకొని నువ్వు కట్టినావా?"

"డ్రాయింగులు దక్కినాయి, నా ప్రాణం దక్కింది. నువ్వడిగేది ఇదా?"

"చెప్పు."

"నేనే కట్టినా. రోజూ."

సురేంద్ర కీ తిప్పసాగాడు, చుట్టు మీద చుట్టు.

"మెల్లగప్పా, స్ప్రింగు తెగుతాది" అంది పుష్పావతి. "వాచీకే ఆ కీ కావాల. నీ కుళ్లు ఆటోమేటిక్కు, ఊపితే చాలు."