లీడరమ్మ గీసిన గీతలు

మధ్యాహ్నం గంట కొట్టేలోపు ఒకటో తరగతి గది సిద్ధం కావాలి. ఐదో తరగతి లీడరమ్మ సుద్దముక్క పట్టుకుని నేలంతా గళ్లు గీసేస్తోంది. ఆ పేరు క్లాసులో స్నేహితులు పెట్టింది. ఊరికే పెట్టలేదు మరి!

"చిన్నపిల్లలు కలిసి ఆడుకునేలా సర్దమ్మా," అని టీచర్ చెప్పారు. ఈ పని లీడరమ్మ తనే అడిగి తీసుకుంది. ఎందుకంటే ఆ తరగతిలోనే తన తమ్ముడు బుడంకాయ ఉన్నాడు. బడిలో చేరి నెల దాటినా వాడికి ఒక్క స్నేహితుడూ లేడు. అందరూ ఆడుకుంటుంటే గోడకు అతుక్కుని కూర్చుంటాడు. అది చూసినప్పుడల్లా అక్కకు ఒకటే దిగులు.

'దెబ్బలాటలు లేకపోతే స్నేహం దానంతటదే కుదురుతుంది,' అనుకుంది. అందుకే తలా ఒక గడి, తలా ఒక డబ్బా. బిగించి ఆడుకునే బొమ్మబండ్ల ముక్కలన్నీ సమానంగా పంచేసింది. ఒక్కో డబ్బాలో ఒక చెక్క, ఒక చక్రం.

పిల్లలు బిలబిలా వచ్చారు.

"ఎవరి గడిలో వాళ్లే! గీత దాటకూడదు!" అని లీడరమ్మ హుకుం జారీ చేసింది.

చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. లీడరమ్మ తెగ మురిసిపోయింది.

బుడంకాయ తన చక్రాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పక్క గడిలో రెండు జడల పాప చేతిలో ఇంకో చక్రం కనిపించింది. మెల్లగా లేచి అటువైపు అడుగు వేశాడు.

"ఒరేయ్, గీత!" అని అక్క అరిచింది.

వాడు చటుక్కున కూలబడి, గోడవైపు తిరిగిపోయాడు.

లీడరమ్మ మనసు చివుక్కుమంది. ఇన్నాళ్లకు వాడు మొదటిసారి ఒకరి దగ్గరికి వెళ్లబోయాడు. ఆపింది తనే!

"అక్కా, ఒక్క చక్రంతో బండెలా నడుస్తుంది?" అని అడిగింది జడల పాప.

లీడరమ్మ నాలుక కరుచుకుంది. పరుగున వెళ్లి తడిగుడ్డ తెచ్చి గీతలన్నీ తుడిచేసింది. గది మధ్యలో పెద్ద చాప పరిచి, డబ్బాలన్నీ దానిమీద కుమ్మరించింది.

ఇంకేముంది, గోలే గోల! కాసేపటికే బుడంకాయ, జడల పాప ఒకే చక్రం పట్టుకుని లాక్కుంటున్నారు.

"నాది!"

"కాదు, నాది!"

తీర్పు చెప్పడానికి లీడరమ్మ నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. అదెంత కష్టమో తనకే తెలుసు!

"సరే, నువ్వు బిగించు. నేను చెక్క కదలకుండా పట్టుకుంటా," అన్నాడు బుడంకాయ.

బండి తయారైంది. కాస్త వంకరగానే అయినా నడిచింది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. లీడరమ్మకు ఆనందం పట్టలేదు. దగ్గరికెళ్లి, "నేనూ తొయ్యనా?" అంది.

"నువ్వెళ్లక్కా! మేం ఆడుకుంటున్నాం," అన్నాడు తమ్ముడు, తలైనా ఎత్తకుండా.

లీడరమ్మ బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసింది. తన క్లాసు దాకా గంతులేసుకుంటూనే వెళ్లింది.