పెద్ద స్పీకరు పక్కన కుర్చీ

"అన్నా, స్పీకరు ఇంకొంచెం ఇటు జరుపు! అరుణజ్యోతి కుర్చీ ఈడే!" అని ప్రశాంతి స్పీకరు తెచ్చినతనితో అరిచింది.

ఆదివారం మధ్యాహ్నం. వీడియోలు చేసి ఆన్‌లైన్‌లో పెట్టే పిల్లలంతా ధర్మవరంలో ప్రశాంతి వాళ్ల బడిలో కలుసుకుంటున్నారు. ఆరో తరగతి ప్రశాంతికి మగ్గం మీద చీర నేయడం చూపించే ఛానెల్ ఉంది. వారం రోజులుగా ఈ ఏర్పాట్లన్నీ ఆమెవే. వచ్చినవాళ్లలో ఏ ఒక్కరూ చిన్నబుచ్చుకుని పోకూడదని ఆమె పంతం.

ముదిగుబ్బ ఊరి అరుణజ్యోతికి చెవులు వినపడవు. ఆమె చేసే గొర్రెపిల్లల వీడియోలంటే ప్రశాంతికి ప్రాణం. శబ్దం గట్టిగా ఉంటే ఆమెకూ వినపడుతుందని పెద్ద స్పీకరు తెప్పించింది.

"ఆ పాపను అడిగినావా?" అన్నారు వాళ్ల బడి ముత్యాలప్ప సారు.

"అడిగేదేముంది సార్? నేనంతా ఆలోచించి పెట్టినా!"

అరుణజ్యోతి వాళ్లన్న కేశవతో వచ్చింది. అందరి మాటలూ అతను సైగలతో చెబుతుంటే ఆమె కిలకిలా నవ్వింది. ప్రశాంతి మురిసిపోయింది.

"ఇప్పుడు గోడ మీద వీడియోలు!" అంటూ కిటికీలు మూసి, లైట్లు ఆర్పేసింది. స్పీకరు దద్దరిల్లింది. పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు. అరుణజ్యోతి మాత్రం లేచి బయటికి వెళ్లిపోయింది. కేశవ ఆమె వెనకే వెళ్లాడు.

ప్రశాంతి వరండాలోకి పరుగెత్తింది.

"అన్నా, మా వీడియోలు నచ్చలేదా?"

"నచ్చకేమమ్మా! చీకట్లో నా చేతులు దానికి యాడ కనపడతాయి? అందరూ నవ్వుతాండారు, ఎందుకో దానికి తెలీదు. లైటు ఆర్పితే దానికి మాట ఆగిపోయినట్లే."

ప్రశాంతికి తల కొట్టేసినట్టయింది. ఇంట్లో రెండు మగ్గాలూ ఒకేసారి ఆడుతుంటే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అమ్మ చేతులతోనే "అన్నానికి రా" అంటుంది. రోజూ చూసేదే, అయినా తోచలేదు. దీపం కింద చీకటంటే ఇదే మరి.

లోపలికెళ్లి లైట్లన్నీ వేసింది. గోడ మీద బొమ్మ వెలిసిపోయింది.

"ఏం ప్రశాంతీ, బొమ్మ కనపడలా!" అని శశి అనే పిల్లాడు గోల పెట్టాడు.

"ఫోన్లలో చూద్దాంలే. కుర్చీలు గుండ్రంగా వేయండప్పా!"

తర్వాత అరుణజ్యోతి దగ్గరికెళ్లి, అచ్చం అమ్మలాగే చేతులు ఊపి లోపలికి పిలిచింది. అరుణజ్యోతి నవ్వుతూ వచ్చి కూర్చుంది. ఆమె గొర్రెపిల్ల వీడియో ఫోన్లో అందరి చేతులూ తిరిగింది.

ప్రశాంతి ఏర్పాట్లు రాసుకున్న నోటు పుస్తకం తెచ్చింది. ఈసారి పెన్ను తను పట్టుకోలేదు, అరుణజ్యోతికిచ్చింది.

"వచ్చేసారి ఎట్లా చేద్దామో రాయమని చెప్పన్నా" అంది కేశవతో.

అరుణజ్యోతి గబగబా రాసింది: "స్పీకరు నా పక్కన వద్దు. చెవికి వినపడదు గానీ, కడుపంతా దడదడ!"

ప్రశాంతి నాలుక కరుచుకుంది. స్పీకరును నాలుగడుగులు ఈడ్చింది. ఆగి, వెనక్కి తిరిగి, చేత్తోనే అడిగింది.

"ఈడ సరేనా?"

అరుణజ్యోతి తల అడ్డంగా ఊపి, ఇంకా అవతలికని చెయ్యి చూపింది. ప్రశాంతి నవ్వుకుంటూ మళ్లీ ఈడ్చింది.